గర్భంలో బిడ్డ ‘వ్యక్తే’నా? ఆన్‌లైన్ కోర్సు కొన్న నర్సమ్మ మాట

ముప్పై ఏళ్లకు పైగా ఆస్పత్రి లేబర్ రూములో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాను. ఒకరోజు క్లాసులో ఎవరో కుర్రాడు ‘కడుపులో ఉన్న బిడ్డకి ఆర్టికల్ 21, అంటే రాజ్యాంగం ఇచ్చిన ప్రాణహక్కు, వర్తిస్తుందా సార్’ అని అడిగాడు. ‘సిలబస్‌లో లేదు’ అని లెక్చరర్ పేజీ తిప్పేశారు. లెక్కలేనన్ని కాన్పులు చూసిన నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదే అనిపించి, గర్భంలో బిడ్డ చట్టం దృష్టిలో వ్యక్తేనా అన్నదాని మీద ఉన్న ఈ ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. 1,499 రూపాయలు, ఏడు వీడియోలు, తొమ్మిది గంటలు. వాట్సాప్ గ్రూపు ఉచితం.

అమెరికా మీద చేసిన మూడు వీడియోలు బాగున్నాయి. డబ్బులు వాటికే ఇచ్చాననుకుంటున్నాను. అమెరికా రాజ్యాంగానికి 1868లో వచ్చిన 14వ సవరణని బోర్డు మీద రాసి, కోర్సు చెప్పే సార్ ఒక్కో మాట చుట్టూ సున్నా చుడతారు. మొదటి వాక్యంలో పౌరులెవరంటే అమెరికాలో ‘పుట్టిన’ లేదా పౌరసత్వం పొందిన వ్యక్తులు. చూశారా, పుట్టిన అని ఉందిగా, అయిపోయింది అనుకున్నాను. ఆయన వెంటనే రెండో వాక్యం కింద గీత గీశారు. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తీసేయకూడదన్న చోట ‘ఏ వ్యక్తికీ’ అనే ఉంది. అక్కడ ‘పుట్టిన’ లేదు. పౌరుడు కాని విదేశీయుడూ అక్కడ వ్యక్తే, చివరికి కంపెనీ కూడా వ్యక్తే. మరి కంపెనీకి ఉన్నది కడుపులో బిడ్డకి ఎందుకు లేదని ఒక పక్షం వాదన. రాజ్యాంగంలో ఆ మాట వాడిన చోటల్లా పుట్టినవాళ్లకే అతుకుతోందని అబార్షన్‌ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పు రాసిన అమెరికా సుప్రీంకోర్టు జస్టిస్ బ్లాక్‌మన్ సమాధానం. గర్భస్థ శిశువుని ఈ సవరణ కింద వ్యక్తిగా గుర్తించిన తీర్పు ఒక్కటైనా ఉందా అంటే, ఆ కేసులో అబార్షన్ నిషేధాన్ని సమర్థించిన టెక్సాస్ రాష్ట్రం తరఫు లాయరు లేదని ఒప్పుకున్నాడట. ఇక్కడ వీడియో ఆపి టీ పెట్టుకున్నాను.

2022 జూన్ 24న అదే కోర్టు ఇచ్చిన డాబ్స్ తీర్పు రో తీర్పుని కొట్టేసింది కదా, దాంతో బిడ్డ వ్యక్తి అయిపోయిందని మా కాలేజీలో సగం మంది నమ్మకం. కాలేదు. పుట్టకముందు బిడ్డకి హక్కులుంటాయా, ఉంటే ఎప్పటినుంచి అన్నదానిపై తాము ఏ అభిప్రాయమూ పెట్టుకోలేదని ఆ తీర్పే చెప్పింది. సార్ దీన్ని రెండుసార్లు చెప్పారు, మంచి పని చేశారు.

ఐర్లాండ్ వీడియో నాకు నచ్చలేదు. అక్కడ 1983లో ‘పుట్టని బిడ్డ’ ప్రాణహక్కుని తల్లి ప్రాణహక్కుతో సమానమని రాజ్యాంగంలోనే రాశారు. 2018 మే 25న 66.4 శాతం ఓట్లతో దాన్ని తీసేశారు. మన బెళగావి అమ్మాయి, డెంటిస్టు సవితా హలప్పనవర్ 2012 అక్టోబరులో గాల్వేలో చనిపోవడం గురించి చెప్పింది ఒకే ఒక్క నిమిషం. పదిహేడో వారంలో గర్భం నిలవదని తేలాక కూడా, బిడ్డ గుండె కొట్టుకుంటోందని డాక్టర్లు అబార్షన్ చేయకుండా ఆగారు. ఉమ్మనీరు పోయాక ఊరికే చూస్తూ కూర్చుంటే ఇన్‌ఫెక్షన్ ఎంత వేగంగా ఎక్కుతుందో నాకు తెలుసు. చట్టంలో ఒక మాట మంచం పక్కన ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పోప్ గురించి మాత్రం పావుగంట చెప్పారు.

ఇండియా భాగం మరీ హడావిడి. ‘24 వారాల దాకా ఎవరైనా అబార్షన్ చేయించుకోవచ్చు’ అని స్లైడ్‌లో ఉంది. తప్పు. మన అబార్షన్ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత కూడా 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం కావాలి. 20 నుంచి 24 దాకా కొన్ని వర్గాల వారికే, అదీ ఇద్దరు డాక్టర్లు. సరిచేయమని రాస్తే ‘నోటెడ్ మేడమ్’ అన్నారు. స్లైడ్ మాత్రం అలాగే ఉంది.

అసలు కోర్సులో లేనిదేమిటో చెప్తాను. హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 20. తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ తర్వాత ప్రాణంతో పుడితే, ముందే పుట్టినట్టు వాటా వస్తుంది. ప్రాణంతో పుట్టాలి, అదే షరతు. ఏళ్ల కిందట భర్త పోయిన ఒకామెకి కాన్పు చేస్తుంటే, అత్తగారు తలుపు దగ్గర నిలబడి ‘బిడ్డ ఏడ్చిందా సిస్టరమ్మా’ అని మూడుసార్లు అడిగింది. ప్రేమనుకున్నాను, ప్రేమే అయ్యుండొచ్చు. కానీ వీలునామా లేకుండా పోయిన కొడుకు ఆస్తి తల్లికీ భార్యకీ సగం సగమా, బిడ్డతో కలిపి మూడు వాటాలా అన్నది ఆ ఏడుపులోనే ఉందని ఇన్నేళ్లకి తెలిసింది. ఆ రాత్రి రిజిస్టర్‌లో నేను రాసిన ‘లైవ్ బర్త్’కి అంత బరువుందని నాకేం తెలుసు!

క్రిమినల్ చట్టం గీత ఇంకో చోట గీసింది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 100 వివరణలో, కడుపులో బిడ్డ చావుకి కారణమైతే అది నరహత్య కాదు, దానికి వేరే సెక్షన్లున్నాయి. కానీ బతికున్న బిడ్డ శరీరంలో ఏ కొంచెం బయటికొచ్చినా, ఇంకా ఊపిరి పీల్చకపోయినా, చంపితే నరహత్య కావచ్చు. పాత ఐపీసీలోనూ ఇదే ఉంది. అంటే తల బయటపడి భుజాలు ఇరుక్కున్న ఆ ఒకటి రెండు నిమిషాల్లో, ఒక చట్టానికి బిడ్డ వచ్చేసింది, ఇంకో చట్టానికి ఇంకా రాలేదు. ఆ నిమిషాల్లో నా చేతులు ఎంత వణికేవో!

అయిదుకి మూడు స్టార్లు. అమెరికా వీడియోలు విడిగా అమ్మితే కొనుక్కోండి. నోట్స్ పీడీఎఫ్ అక్షరాలు చిన్నవి, నా వయసువాళ్లు ప్రింట్ తీసుకోవాల్సిందే. భుజాలు ఇరుక్కున్న బిడ్డ సంగతి సార్‌కి విడిగా మెసేజ్ పెట్టి పదకొండు రోజులైంది. నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.