మూడు పోర్షన్ల ఇల్లు, ఒకే పైపు: 9 ఏళ్ల తర్వాత

అద్దెకివ్వడానికి ఇల్లు కొంటున్నామని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది పోర్షన్లెన్ని అని. మాది అంతస్తుకొకటి చొప్పున మూడు. 9 ఏళ్లుగా అద్దెకిస్తున్నాను. ఈ ఒక్క సంగతికే ఈ ఇల్లంటే నాకు అంత ఇష్టం.

ఎందుకో లెక్క చెబుతాను. నెల వాయిదా 100 అనుకోండి. మూడు అద్దెలూ కలిపి 150. పన్ను, బీమా, రిపేర్లకు 20 పోగా మిగిలేది 130. అప్పిచ్చేవాళ్లు దీన్నే వాయిదాతో భాగించి చూస్తారు. మాది 1.3 వచ్చింది. మామూలుగా కనీసం 1.2, 1.25 ఉంటే వాళ్లకు ధైర్యం. ఒకే కుటుంబం ఉండే ఇల్లయితే వాళ్లు ఖాళీ చేసిన నెల అద్దె సున్నా. మా ఇంట్లో ఒకరు వెళ్లినా ఇద్దరుంటారు. లోన్ ఇచ్చేటప్పుడు కూడా మూడింటికీ అగ్రిమెంట్లు, మీటర్లు వేరువేరుగా ఉన్నాయా, అద్దె బ్యాంకులోనే పడుతుందా అని గుచ్చి గుచ్చి అడిగారు.

ఆరో ఏట కింది పోర్షన్ వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, బాత్రూం పైకప్పు మీద పళ్లెమంత మరక పడింది" అంది. నేను రంగు వేయించి ఊరుకున్నాను. అదే పెద్ద పొరపాటు. మూడు వారాలకు మరక మళ్లీ తేలింది. ఈసారి గోరుతో గీకితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది, లోపలి సిమెంటు తడి ఇసుకలా ఉంది. ప్లంబర్ పై బాత్రూంలో రంగునీళ్లు పోసి, ఎక్కడ బయటపడతాయో చూస్తూ కూర్చున్నాడు. మధ్య పోర్షన్ గోడ పగలగొడితే తెలిసింది: మూడు బాత్రూంల నీళ్లూ దిగేది ఒకే పైపులోంచి, అదీ గోడ లోపల. జాయింటు దగ్గర నిలువునా చీలిక. అది మార్చేదాకా ఏ పోర్షన్‌లోనూ బాత్రూం వాడటానికి లేదు.

కింది వాళ్లు, మధ్య వాళ్లు ఖాళీ చేశారు. వాళ్లను తప్పుపట్టలేను. పైవాళ్లు పది రోజులు బంధువుల ఇంట్లో ఉండి తిరిగొచ్చారు, ఆ మేలు మరిచిపోను.

సరిగ్గా అప్పుడే తక్కువ వడ్డీకి అప్పు మార్చుకుందామని ఇంకోచోట దరఖాస్తు పెట్టి ఉన్నాను. విలువ కట్టడానికి వచ్చినాయన పగిలిన గోడ ఫొటో తీసుకుని, ఖాళీ పోర్షన్లు రెండూ తిరిగి చూశాడు. చేతికొస్తున్న అద్దెనే లెక్కలోకి తీసుకున్నారు. ఒక్క అద్దె 50లోంచి ఖర్చులు 20 పోతే 30. అంటే 0.3. ఫైలు పక్కన పెట్టేశారు. పోర్షన్లు మళ్లీ నిండటానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత అదే చోట అప్పు మారింది. పాత అగ్రిమెంట్లు, ఏళ్ల తరబడి బ్యాంకులో పడ్డ అద్దెలు అప్పుడు పనికొచ్చాయి.

ఒకటి ఖాళీ అయినా మిగతా రెండిటితో వాయిదా వెళ్లిపోతుందని ఒకప్పుడు అందరికీ చెప్పేదాన్ని. నిజానికి రెండు అద్దెలు 100, ఖర్చులు పోతే 80, మిగతా 20 నా జీతంలోంచే వేయాలి. రిపేర్లకు పక్కన పెట్టాలని మొదట్లో నేననుకున్న మొత్తం కూడా చాలదు. మూడు వంటిళ్లు, మూడు బాత్రూంలు కదా, ఏడాదికోసారైనా ఏదో ఒకటి పాడవుతుంది.

అయినా ఇప్పుడు కొన్నా మూడు పోర్షన్లదే కొంటాను. నాకు జీతం ఉంది, ఆ నాలుగు నెలలూ వాయిదా తప్పకుండా కట్టగలిగాను. అద్దె మీదే వాయిదా కట్టాల్సినవాళ్లకు ఇంతే గట్టిగా చెప్పలేను. కొత్త పైపును మాత్రం ఈసారి గోడ బయట వేయించాను. చూడ్డానికి బాగాలేదని పైవాళ్లు అంటూనే ఉంటారు గానీ, వాన పడ్డప్పుడల్లా వెళ్లి దాని జాయింట్లు చేత్తో తడిమి చూసుకుంటాను.