ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకువెళ్ళే మలపరీక్ష: ఐదింటికి రెండు నక్షత్రాలు

పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టడానికి మలంలో కంటికి కనబడని రక్తాన్ని వెతికే ‘ఫిట్’ పరీక్షను గత మే నెలలో నేనూ నా భార్యా చేయించుకున్నాము. చెన్నైలో మేముండే విల్లివాక్కానికి వచ్చి శాంపిల్ తీసుకువెళ్ళే ఒక ల్యాబ్ ఒక్కొక్కరికి 800 రూపాయలు తీసుకుంది. పరీక్ష మీద నాకు నమ్మకం ఉంది. ఫిర్యాదంతా ఆ ల్యాబ్ పనితీరు మీదనే.

“రక్తమే పడనప్పుడు ఈ మోషన్ టెస్ట్ దేనికండీ?” అని నా భార్య మొదట కొట్టిపారేసింది. నిజానికి ఇది ఏ బాధా లేనివారి కోసమే ఏర్పడిన పరీక్ష. పేగు లోపలి గోడ మీద పెరిగే పాలిప్‌లనే బుడిపెలూ, తొలిదశలోని గడ్డలూ చాలాకాలం నొప్పి తెలియనివ్వవు. వాటి నుంచి అప్పుడప్పుడూ ఊరే రక్తం మలం రంగును మార్చేంత ఉండదు. అమెరికాలోని నివారణ వైద్య నిపుణుల బృందం 2021లో ఈ పరీక్షలు మొదలుపెట్టవలసిన వయసును 50 నుంచి 45 ఏళ్ళకు తగ్గించింది. మేమిద్దరమూ ఆ గీత ఎప్పుడో దాటినవాళ్ళమే.

కిట్ బాగుంది. మూతకు అమర్చిన గాట్ల పుల్లతో మలాన్ని నాలుగైదు చోట్ల గుచ్చి, ద్రవమున్న గొట్టంలో పెట్టి బిగిస్తే చాలు, చేతికి ఏమీ అంటదు. శాంపిల్‌కు నీళ్ళు తగలకూడదు కనుక పాత పేపరు పరుచుకోవలసి వచ్చింది. సూచనల కాగితం రాసినవారికి మన ఇండియన్ టాయిలెట్ సంగతి తెలిసినట్టు లేదు.

ఫోన్లో మాట్లాడిన అమ్మాయి మూడు రోజులు మాంసం, ముల్లంగి, విటమిన్ సి మాత్రలు మానమన్నది. ఆ పథ్యం గ్వాయాక్ అనే పాత పద్ధతికి చెందినది. ‘ఫిట్’ పరీక్ష మనిషి రక్తపు హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి మటన్ తిన్నా తేడా రాదు. మా ఇంట ముల్లంగి సాంబారు ఊరకే ఆగిపోయింది.

ఇవన్నీ క్షమించవచ్చు, ఎండ విషయం మాత్రం క్షమించలేను. ఉదయం ఏడింటికి వస్తానన్న కుర్రవాడు పదకొండున్నరకు, తమిళులు అగ్ని నక్షత్రమనే నడివేసవి ఎండలో, ఐస్ ప్యాక్ లేని సంచితో వచ్చాడు. అంతవరకు మేము ఫ్రిజ్‌లో దాచిన గొట్టాలు ఆ సంచిలో ఎన్ని గంటలు ఊరు తిరిగాయో! వేడికి గ్లోబిన్ విరిగిపోతుంది. అప్పుడు ఉన్న రక్తం కూడా లేనట్టే కనబడవచ్చు. ఎండ చేసే పొరపాటు మనకు ఊరటనిచ్చే వైపే జరుగుతుంది, అందుకే అది ప్రమాదకరం.

రిపోర్టులో ‘నెగెటివ్’ అన్న ఒక్క మాటే ఉంది. చాలాచోట్ల గ్రాము మలానికి 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్‌ను హద్దుగా పెట్టుకుంటారు. మా లెక్క ఎంత అని అడిగితే, అంకె ఇచ్చే యంత్రం తమ వద్ద లేదన్నారు. పాజిటివ్ వచ్చి ఉంటే ఏమి చేయాలన్న ప్రశ్నకు, తగ్గింపు ధరకు మళ్ళీ ఇదే పరీక్ష చేస్తామన్నారు. ఇది తప్పుడు సలహా. పాజిటివ్ అంటే క్యాన్సరని కాదు, మొలల వల్ల కూడా రావచ్చు. కానీ కారణం తేలవలసింది కెమెరాతో పేగు లోపల చూసే కొలనోస్కోపీతోనే, రెండో గొట్టంతో కాదు.

ధనుర్మాసం చల్లదనంలో, అంకె ఇచ్చే వేరే ల్యాబ్‌కు, గొట్టాలను ఐస్ పెట్టెలో నేనే పట్టుకువెళ్ళి మళ్ళీ చేయించాలని నిశ్చయించుకున్నాను.