పెద్దవాళ్లకి కొత్త ఫోన్ కొంటున్నారా? ముందు లోపలున్న బ్రౌజర్ తెరిచి చూడండి

దసరాకి ముందు అమ్మ కోసం 11,999 రూపాయలు పెట్టి ఒక ఫోన్ కొన్నాను. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. మాతో వీడియో కాల్, ప్రవచనాలు, తిథి చూసుకోవడం, కరెంటు బిల్లు... ఇంతే ఆమె వాడకం. బ్యాటరీ ఎంత, కెమెరా ఎలా ఉంది, మెమరీ సరిపోతుందా అని వారం రోజులు చూసి మరీ కొన్నాను. లోపల ఏ బ్రౌజర్ ఉందో మాత్రం చూడలేదు. ఈ ధరలో ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ కొనాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి.

ఫోన్‌తో పాటే కంపెనీ వాళ్ల సొంత బ్రౌజర్ వచ్చింది. వాట్సాప్‌లో ఏ లింకు నొక్కినా అందులోనే తెరుచుకుంటుంది. మొదటిసారి తెరవగానే పెద్ద బటన్ ఒకటి, "అంగీకరిస్తున్నాను" అని. దాని కింద, అద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాల్లో మూడు వరుసలు. మీ అభిరుచికి తగ్గ ప్రకటనలు, సిఫార్సులు, వాడకం వివరాలు పంపడం. మూడింటికీ ముందే టిక్కు పెట్టి ఉంది. అమ్మ బటన్ నొక్కేసింది. నొక్కకపోతే ముందుకు పోదు, ఆమె తప్పేముంది?

మోకాళ్ల నొప్పులకి ఏం చేయాలని ఒకరోజు మైకులో అడిగి వెతికింది. మర్నాటి నుంచి బ్రౌజర్ మొదటి పేజీ నిండా నొప్పి నూనెలు, బెల్టులు, "ఆపరేషన్ లేకుండా నయం" అనే ప్రకటనలే. వార్తలకీ ప్రకటనలకీ తేడా తెలియకుండా ఒకే రకం బొమ్మ, ఒకే రకం అక్షరాలు. అలాంటి ఒక పేజీలో "వీడియో చూడాలంటే అలో నొక్కండి" అని వస్తే నొక్కింది. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకి ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "నాన్నా, ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయంట్రా, బ్యాంకు డబ్బులు పోతాయంట." స్క్రీన్ ఫొటో తీసి పంపమన్నాను. ఎర్ర గుర్తు, బ్యాటరీ బొమ్మ, అచ్చం ఫోనే హెచ్చరిస్తున్నట్టు ఉంది. నిజానికి అది, అమ్మ అలో నొక్కి అనుమతిచ్చిన ఆ వెబ్‌సైట్ పంపిన నోటిఫికేషన్. నాకు చెప్పే లోపే ఆమె దాన్ని నొక్కి, ఏదో క్లీనర్ యాప్ వేసుకుని, ఒక్క రూపాయే కదా అని యూపీఐ పిన్ కొట్టేసింది. ఆ రూపాయితో ఆటోపే, అంటే నెలనెలా డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, ఒప్పుకున్నట్టయింది. తర్వాత రెండు నెలలు వరసగా 499 చొప్పున పోయాయి.

ఊరికి వెళ్లి చూస్తే నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి ఉన్న సైట్లు 11 తేలాయి. అన్నీ తీసేశాను. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి దాన్ని రద్దు చేశాను. ఆ బ్రౌజర్‌ని తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ అనే మాటే లేదు. సర్వీస్ సెంటర్‌లో రీసెట్ చేసిచ్చారు, అది మళ్లీ వచ్చి కూర్చుంది. షాపువాళ్లేమో "ఫోన్ బాగానే పనిచేస్తోంది కదా సార్, సాఫ్ట్‌వేర్ మా చేతిలో ఉండదు" అన్నారు.

పెద్ద పేరున్న బ్రౌజర్ వేసేస్తే ఇక టెన్షన్ లేదని కూడా అనుకోకండి. థర్డ్ పార్టీ కుకీలు, అంటే ఒక సైట్‌లో మనం చూసింది ఇంకో సైట్‌లోని ప్రకటనల కంపెనీకి తెలిసేలా చేసేవి, రెండేళ్లలో తీసేస్తామని క్రోమ్ గురించి గూగుల్ 2020లో చెప్పింది. 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఫైర్‌ఫాక్స్ అదే ఏడాది జులైలో ప్రకటనల ఫలితాలు కొలిచే ఏర్పాటు ఒకటి తెచ్చి, మనల్ని అడక్కుండానే ఆన్‌లో పెట్టింది. ఇన్‌కాగ్నిటో వాడితే ఎవరికీ తెలియదనుకోవడం కూడా పొరపాటే. ఫోన్‌లో హిస్టరీ మిగలదంతే, సైట్లకి మనం కనిపిస్తూనే ఉంటాం. దీనిమీదే అమెరికాలో కేసు పడితే, కోట్లకొద్దీ రికార్డులు చెరిపేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది.

అయినా వీటిలో మనం ఆపుకునే వీలుంది, అదే తేడా. అమ్మ ఫోన్‌లో ఇప్పుడు క్రోమ్‌నే డిఫాల్ట్ బ్రౌజర్‌గా పెట్టాను. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేశాను, ఇక ఏ సైటూ అడగనుకూడా అడగదు. థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చేశాను. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్‌లోకి వెళ్లి, ప్రకటనల కోసం మన ఫోన్‌ని గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేశాను. మొత్తం పావుగంట పని. ఫోన్ ఆమె చేతికిచ్చే ముందే నేను చేయాల్సింది ఇది.

కొనేటప్పుడు షాపులో డెమో ఫోన్ అడగండి. అందులో బ్రౌజర్ తెరిచి మొదటి పేజీలో ఏం కనిపిస్తోందో చూడండి. దాని గుర్తు మీద కాసేపు వేలు ఆనించి పట్టుకుని యాప్ ఇన్ఫోలోకి వెళ్లండి, అన్‌ఇన్‌స్టాల్ గానీ డిజేబుల్ గానీ చేసే వీలుందో లేదో తెలుస్తుంది. రెండూ లేకపోతే ఆ ఫోన్ వద్దు, 500 ఎక్కువైనా వేరేది చూడండి. డబ్బు ఇప్పటికే పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మేం రెండు నెలల తర్వాత చేశాం, డబ్బులు ఇంకా రాలేదు.

అమ్మ ఇప్పుడు స్క్రీన్ మీద ఏది వచ్చినా ముట్టుకోవడం లేదు. బీపీ మాత్ర టైముకి నేను పెట్టిన అలారం మోగినా, నొక్కొచ్చా అని ఫోన్ చేసి అడుగుతోంది.