వక్త వాక్యం లోపలా, బయటా?

"వాన పడుతోంది" అన్న వాక్యంలో చెప్పేవారు, వినేవారు ఉన్నారా? ఉన్నారనే అన్నాడు భాషావేత్త జాన్ రాస్, 1970లో. ప్రతి ప్రకటన పైనా "నేను నీకు చెబుతున్నాను" అనే కనిపించని పొర ఉంటుందని అతని వాదం. తత్వవేత్త డేవిడ్ కాప్లాన్ దృష్టిలో మాత్రం వక్త, స్థలం, కాలం వాక్యం బయటి సందర్భానికి చెందినవి. "నేను" ఆ సందర్భంలోని వక్తనే సూచిస్తుంది, వాక్యంలోని ఏ పదమూ దాన్ని మార్చలేదు.

రాస్ పొరను అక్షరాలా నమ్మితే చిక్కే. నేను చెబుతున్నాననేది ఎలాగూ వాస్తవం కనుక, వాన లేకపోయినా వాక్యం నిజమైపోవాలి! ఈ విషయంలో కాప్లాన్‌దే పైచేయి.

కానీ "తాను గెలిచానని రవి చెప్పాడు" చూడండి. కర్త "తాను" ప్రథమ పురుషలో ఉంది, క్రియ "గెలిచాను" ఉత్తమ పురుషలో. గెలిచింది రవి, ఈ వాక్యం చెబుతున్నవారు కాదు. ఇథియోపియా భాష అమ్హారిక్‌లోనైతే ఇలాంటి చోట "నేను" కూడా రవి కాగలదు. కాప్లాన్ నియమానికి ఇది గట్టి దెబ్బ.

వినేవారి సంగతి ఇంకా విచిత్రం. స్పెయిన్-ఫ్రాన్స్ సరిహద్దు ప్రాంతపు భాష బాస్క్‌లో "నేను వచ్చాను" అని చనువుగా చెప్పేటప్పుడు, ఎదుట ఉన్నది మగవాడైతే సహాయక క్రియ "నౌక్", ఆడమనిషైతే "నౌన్". వాక్యార్థంలో ఆ మనిషికి పాత్రే లేదు. అందుకే రాస్ నిర్మాణం కూలినా, శ్రోతకు వ్యాకరణంలోనే చోటుండాలన్న అతని పట్టుదల వైపే నా మొగ్గు.