ఫినెస్ ఫిషింగ్‌కి ఏడడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్: కొనేముందు ఏం చూడాలి

లార్జ్‌మౌత్ బాస్ అమెరికా చేప. దాని కోసం పుట్టిన ఫినెస్ పద్ధతి (సన్న దారంతో తేలికపాటి ఎరలు వేసి పట్టడం) మాత్రం హైదరాబాద్ చుట్టుపక్కల తిలాపియాకీ, చిన్న కొర్రమీనుకీ బాగానే పనికొస్తుంది. ఎర కట్టే పద్ధతుల్లో నెడ్ రిగ్, డ్రాప్ షాట్, వాకీ రిగ్ ఏది వేసినా బరువు మామూలుగా 3 నుంచి 7 గ్రాముల మధ్యే. దీనికి మా ఓటు ఏడడుగుల మీడియం లైట్ పవర్, ఫాస్ట్ యాక్షన్ రాడ్‌కే.

పవర్ వేరు, యాక్షన్ వేరు. రాడ్ వంగడానికి ఎంత బలం పట్టాలో చెప్పేది పవర్, ఎక్కడ వంగుతుందో చెప్పేది యాక్షన్. ఫాస్ట్ రాడ్ పైభాగంలోనే వంగుతుంది, కింద గట్టిగా ఉంటుంది. అందుకే చేప కాస్త ముట్టినా చేతికి తెలుస్తుంది. మరీ బిరుసు టిప్ (రాడ్ కొన) తీసుకుంటే బ్రెయిడ్ (అల్లిన దారం) సాగదు కాబట్టి సన్న హుక్ చేప నోట్లోంచి ఊడొస్తుంది. పేరు కన్నా రాడ్ మీద రాసిన లూర్ (కృత్రిమ ఎర) బరువు ముఖ్యం. 2–10 గ్రాములని ఉంటే తీసుకోండి. 5–20 అని ఉంటే 3 గ్రాముల లూర్‌కి టిప్ వంగదు, అది దూరం పోదు.

24 టన్, 40 టన్ అని గొప్పగా రాసేది కార్బన్ బిరుసుతనం, బలం కాదు. అంకె పెరిగితే రాడ్ తేలికవుతుంది, దెబ్బ తగిలితే పగిలే అవకాశమూ పెరుగుతుంది. బండి మీద తిరిగే రాడ్‌కి 24 గానీ 30 గానీ చాలు.

మిగిలిన డబ్బు గైడ్ల (దారం వెళ్లే రింగుల) మీద పెట్టాలి. స్పిన్నింగ్ రీల్ నుంచి దారం చుట్టలు చుట్టలుగా వస్తుంది. మొదటి గైడ్ పెద్దదిగా, ఎత్తుగా లేకపోతే దారం రాడ్ కర్రకి కొట్టుకుని దూరం తగ్గుతుంది. ఏడడుగుల రాడ్‌కి టిప్ కాక ఏడు గైడ్లయినా ఉండాలి. షాపులోనే చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లని ప్రతి రింగు లోపల తిప్పండి. దూది పోగు చిక్కుకుందంటే అక్కడ పగులుంది, అదే దారాన్ని కోస్తుంది. తర్వాత రాడ్‌ని కంటికి దగ్గర పెట్టుకుని గైడ్లన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. మీ 2500 సైజు రీల్ వెంట తీసుకెళ్లి బిగించండి. రీల్ కాడకి కాస్త ముందు వేలు పెడితే రాడ్ నిలవాలి. టిప్ బరువుగా వాలిపోతే గంటలో మణికట్టు లాగేస్తుంది.

దారానికి 10 పౌండ్ల బ్రెయిడ్, ముందు ఆరడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (చివర కట్టే దారం), 6 నుంచి 8 పౌండ్లది. ముడి టిప్ రింగులోంచి తగలకుండా జారాలి.

రెండు ముక్కల రాడ్ అయితే నాలుగడుగుల పీవీసీ పైపులో పట్టేస్తుంది. కలిసేచోట కొవ్వొత్తి మైనం కాస్త రుద్దండి, మధ్యమధ్యలో బిగువు చూసుకోండి. వదులైతే విసిరినప్పుడు అక్కడే చీలుతుంది. ఇక టిప్‌లు విరిగేది చేపల వల్ల తక్కువ, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ వల్లా, చేపని గట్టుకి లాగేటప్పుడు రాడ్‌ని నిట్టనిలువుగా ఎత్తడం వల్లా ఎక్కువ. చేప దగ్గరికి రాగానే రాడ్ పక్కకి వాల్చి వల అందించండి.

గుర్రపుడెక్క కమ్మేసిన చెరువులో పెద్ద కొర్రమీనుకి దీన్ని వాడొద్దు. అది తెలంగాణ రాష్ట్ర చేప మాత్రమే కాదు, పట్టగానే నాచులోకి దూరే మొండి చేప. దానికి మీడియం హెవీ రాడ్, 40 పౌండ్ల బ్రెయిడ్, కప్ప లూర్ కావాలి.