వీడియో కాల్‌లో ఊ కొడితే వినపడదు: ఆరేళ్ల వాడకం తర్వాత నా రివ్యూ

ఇది ఏదో ఒక్క యాప్ గురించి కాదు, వీడియో కాల్ అనే సర్వీసు మొత్తం గురించి. 2020 లాక్‌డౌన్‌లో మొదలుపెట్టి ఇప్పటిదాకా మా అక్కతో వారానికి ఒక్కసారైనా వీడియో కాల్ మాట్లాడుతూనే ఉన్నాను, ఇక ఆఫీసు మీటింగులు సరేసరి. రేటింగ్ 5కి 3. మొన్నమొన్నటిదాకా అడిగితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.

మంచి సంగతులు అందరికీ తెలిసినవే. 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్లు ముఖం చూస్తూ మాట్లాడే ఫోన్ ఒకటి పిక్చర్‌ఫోన్ అని చూపించారు, 1970లో పిట్స్‌బర్గ్‌లో సర్వీసు కూడా మొదలుపెట్టారు కానీ ఖరీదు భరించలేక జనం తీసుకోలేదు. ఇప్పుడు అదే పని జేబులో ఉన్న ఫోన్ చేస్తోంది. దూరాన ఉన్నవాళ్ల ముఖం చూడగలగడం చిన్న విషయం కాదు, అందులో నాకు వేరే మాట లేదు.

ఇబ్బందుల్లో మొదటిది చూపు. కెమెరా తెర పైన ఉంటుంది, అవతలి మనిషి కళ్లేమో తెర మధ్యలో ఉంటాయి. ఆ కళ్లలోకి చూస్తే నేను కిందికి చూస్తున్నట్టు వాళ్లకు కనిపిస్తుంది, కెమెరాలోకి చూస్తే వాళ్ల ముఖం నాకు కనపడదు. ఇంకోటి, మన ముఖం మనకే కనిపిస్తూ ఉండటం. వీడియో కాల్ వల్ల వచ్చే అలసట గురించి స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాసిన వ్యాసంలో చెప్పిన నాలుగు కారణాల్లో ఇదొకటి. సెల్ఫ్ వ్యూ ఆపేసి చూడండి, నాకైతే తలనొప్పి తగ్గింది.

అసలు లోపం మాత్రం ఊ కొట్టడం దగ్గర ఉంది. మనలో ఎవరైనా ఏదైనా చెబుతుంటే వినేవాళ్లు ఊ కొట్టాలి, కొట్టకపోతే చెప్పేవాళ్లు ఆగిపోయి "వింటున్నావా?" అని అడుగుతారు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నప్పుడు ఇద్దరి గొంతులూ ఒకేసారి వస్తే, ఎకో రాకుండా ఉండటానికి యాప్ చాలాసార్లు ఒకరి గొంతు తగ్గించేస్తుంది. ఊ ఎప్పుడూ అవతలి మాట మీదే పడుతుంది కాబట్టి ముందు తెగిపోయేది అదే. పైగా ఆలస్యం. ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి మనుషులు తీసుకునే సమయం సగటున సెకనులో ఐదో వంతు దగ్గర ఉంటుందని 10 భాషల మీద చేసి 2009లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. కాల్‌లో మాట అటు చేరడానికే 150 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి ఇంకో 150 పట్టిందనుకోండి, ఆ ఐదో వంతు అక్కడే దాటిపోయింది. అందుకే ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఇద్దరం ఆగుతాం, "నువ్వు చెప్పు", "కాదు నువ్వే చెప్పు" అనుకుంటాం.

ఇదంతా సర్దుకుపోవచ్చనే అనుకునేవాణ్ణి. గత ఏడాదిగా అక్క జవాబులు ఆలస్యంగా వచ్చేవి, చెప్పిందే మళ్లీ చెప్పమనేది. "సిగ్నల్ సరిగ్గా లేదురా" అనేది, మేమూ నిజమే అనుకున్నాం. వారం వారం చూస్తున్నాం కదా అన్న ధైర్యంతో నేను వాళ్లింటికి వెళ్లి మూడేళ్లు దాటింది.

పోయిన నెల వెళ్లాను. వరండాలో నిలబడి దుప్పటి మడతపెడుతోంది. ఎడమవైపు నుంచి దగ్గరికి వెళ్లి "అక్కా" అన్నాను. తల తిప్పలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. దుప్పటి అంచులు రెండూ కలిపి, ముడతలు అరచేత్తో సాపు చేస్తూనే ఉంది. ఎదురుగా వెళ్లి నిలబడేసరికి ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చావురా!" అంది. సాయంత్రం కూర్చుని మాట్లాడుతుంటే గమనించాను, నా కళ్లు వదిలేసి పెదాలు చూస్తోంది, కుడి చెవి నావైపు తిప్పుతోంది, నా మాట అయిపోయిన కాసేపటికి ఆమె ఊ వస్తోంది. కాల్‌లో వచ్చినట్టే. కానీ ఇక్కడ మా మధ్య నెట్ లేదు.

మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఎడమ చెవిలో వినికిడి బాగా పడిపోయిందని పరీక్షలో తెలిసింది. ఎందుకు చెప్పలేదంటే, "హెడ్‌ఫోన్ పెట్టుకుని సౌండ్ పూర్తిగా పెంచితే నీ మాట వినపడేది, వినపడనప్పుడు సిగ్నల్ అనేసేదాన్ని" అంది. చెప్పకుండా దాచడం ఆమె తప్పని నేను అనను. ఆరేళ్లలో వందలసార్లు ఆ ముఖం చూశాను, ఒక్కసారి కూడా వెనక నుంచి పిలవలేదు. కాల్‌లో ఎవర్నీ వెనక నుంచి పిలవలేం.

కాబట్టి కొత్తగా వాడేవాళ్లకు నా సలహా, స్పీకర్ కన్నా ఇయర్‌ఫోన్లు మేలు, ఊ తెగకుండా చేరే అవకాశం ఎక్కువ. ఆఫీసు పనులకు, రోజువారీ పలకరింపులకు ధైర్యంగా వాడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎలా ఉన్నారో తెలుసుకోవడానికి మాత్రం ఇది ఒక్కటే చాలదు, భుజాల దాకా కనిపించే మనిషి ఎలా నడుస్తున్నారో, పిలిస్తే ఎలా తిరుగుతున్నారో ఇందులో తెలియదు. తగ్గించిన ఆ స్టార్లు యాప్ కన్నా ఎక్కువగా నేను దాన్ని వాడిన పద్ధతికి.

అక్క ఇప్పుడు చెవి మిషన్ పెట్టుకుంటోంది, ఇంకా అలవాటు కాలేదు, గిన్నెల చప్పుడు మరీ ఎక్కువగా ఉందని తీసి పక్కన పెట్టేస్తోందట. వచ్చే నెలకు టికెట్ తీసుకున్నాను. ఈసారి ఆమెకు కుడివైపు కూర్చుంటాను.