వీ-క్రాస్ వెనక దించాలని తిరుపతి పోతే, పని చిత్తూరులో అయింది

బండి ఎత్తు తగ్గించుకోవాలని తిరుపతి వెళ్తున్నారా? ముందు స్ప్రింగు కొనలు చూడండి. రేణిగుంట రోడ్డులో ఒక షాపువాడు మాకు 42,000కు అంటగట్టబోయిన 'థాయ్‌లాండ్ లోయరింగ్ కిట్'లో స్ప్రింగుకు ఒకవైపు కంపెనీ కొన చక్కగా ఉంది, రెండోవైపు గ్రైండర్‌తో కోసిన మొండి అంచు ఉంది. ఎర్ర పెయింటు ఇంకా నా వేలికి అంటుతోంది. మామూలు స్ప్రింగునే ఒక చుట్టు కోసి రంగేశాడన్నమాట. కోసిన కొన, బండిలో స్ప్రింగు ఆనే చోట సరిగ్గా కూర్చోదు. పైగా స్ప్రింగు పొట్టిదయ్యేకొద్దీ గట్టిపడుతుంది. ముందే కుదిపే బండికి అది వేయించుకుంటే ఇంకేమైనా ఉందా!

మాది ఇసుజు వీ-క్రాస్ పికప్. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనుప పట్టీలు. ఖాళీగా ఉంటే వెనక భాగం తోక లేపుకుని నిలబడుతుంది. దాన్ని సమం చేయించాలన్నది నా ఆశ. మా బామ్మర్దికి మాత్రం ఫోన్‌లో చూసిన థాయ్‌లాండ్ పికప్‌లలాగా ఐదంగుళాలు దించాలని. కడప నుంచి కోడూరు మీదుగా ప్రయాణం హాయిగా సాగింది, కొండ మీద దర్శనమూ బాగా జరిగింది.

అదే షాపువాడు వెనకకు ఇనుప దిమ్మలు చూపించాడు. మా బండికి కట్టలు యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) మీద కూర్చుంటాయి. రెండింటి మధ్య దిమ్మ పెడితే బండి ఇంకా లేస్తుంది. కట్ట యాక్సిల్ కింద ఉండే బండ్లకే దిమ్మతో ఎత్తు తగ్గుతుంది. ఆ మాటే అంటే, "అందరికీ ఇదే వేస్తున్నాం సార్" అన్నాడు. ఈ బండ్లు 2016 నుంచి తయారయ్యేది శ్రీసిటీలో, అంటే ఇదే జిల్లాలో, అయినా వాడికి ఆ సంగతి పట్టలేదు! వద్దని బయల్దేరబోతే 'చెకింగ్ చార్జి' అని 1,500 గుంజాడు. బిల్లు అడిగితే వినపడనట్టు ఫోన్ ఎత్తుకున్నాడు.

ఆ రాత్రి బస్టాండు దగ్గర దిగిన లాడ్జి ఇంకో తలనొప్పి. గది 1,800. బండి చూసి వాచ్‌మన్, "ఇది గూడ్స్ బండి, పార్కింగ్ 300" అన్నాడు. తెల్ల నంబరు ప్లేటు చూపించినా, "వెనక తొట్టి ఉంది కదా" అంటాడు. పక్కనే ఉన్న ఏడు సీట్ల కారుకు మాత్రం ఫ్రీ! గదిలో ఏసీ చప్పుడు ఎక్కువ, చల్లదనం తక్కువ. బామ్మర్ది అలిగి టిఫిన్ కూడా తినలేదు.

మర్నాడు చిత్తూరు బయల్దేరాం, డెబ్బై కిలోమీటర్లు. దారిలో కాణిపాకం వినాయకుడికి దండం పెట్టుకుని, ఒక చిన్న హోటల్లో రాగి సంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు తిన్నాం. ఇద్దరికీ కలిపి 340. బామ్మర్ది రెండో ముద్ద అడిగాక గానీ నాకు టెన్షన్ తగ్గలేదు.

లారీల కట్టలు సెట్టింగ్ చేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడని అక్కడే చెప్పారు. రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. ఆయన బండి చుట్టూ తిరగలేదు, రేటూ చెప్పలేదు. "బరువు వేస్తావా నాయనా?" అన్నాడు. సీజన్‌లో మామిడికాయలు తోలుతానన్నాను. బండి కిందికి దూరి, యాక్సిల్‌కూ పైనున్న రబ్బరు స్టాపర్‌కూ మధ్య వేళ్లు నిలువుగా పెట్టి చూపించాడు. "నువ్వు ఎంత దించితే ఇక్కడ అంత పోతుంది. కాయలు వేశాక గుంతలో పడితే టక్కుమని తగులుకుంటుంది" అన్నాడు.

బామ్మర్ది ఊరుకోలేదు. కట్టను యాక్సిల్ కిందికి మార్చే ఫ్లిప్ కిట్ సంగతెత్తాడు. దానితో ఐదారంగుళాలు దిగుతుంది, నిజమే. కానీ యాక్సిల్ ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) తగలకుండా పైన ఛాసిస్‌ను వంపుగా కోసి వెల్డింగ్ పెట్టాలి. మేస్త్రి నవ్వేసి, "నేను కోయను" అన్నాడు. ఒక పట్టీ తీసేస్తే మెత్తబడుతుంది కదా అన్నాను నేను. బరువు వేసే బండికి అదీ కుదరదన్నాడు. కట్టలు విప్పి, పట్టీల వంపు కొద్దిగా తగ్గించి, రెండంగుళాలు దించుతానన్నాడు. ముందు వైపు ముట్టుకోనక్కర్లేదని, వెనక దిగితే బండి దానంతటదే సమం అవుతుందని చెప్పాడు.

కట్టలను యాక్సిల్‌కు బిగించే కొత్త యూ బోల్టులు, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టులు కలిపి సెట్టింగ్‌కు 6,500, కట్టల కొనల్లో ఉండే బుష్‌లకు 2,400. వెనక దిగితే హెడ్‌లైట్ల వెలుగు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుందని వాటినీ ఆయనే సరిచేశాడు, దానికి పైసా తీసుకోలేదు. రాత్రి చిత్తూరులో గది 1,400, పార్కింగ్ ఊరికే. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు పొద్దున్నే వచ్చాయి.

ఛాసిస్ కోయించుకోవాలనుకునే కుర్రాళ్లు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చదవండి. కంపెనీ ఇచ్చిన రూపానికి తేడాగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. యాక్సిడెంటయితే ఇన్సూరెన్సు వాళ్లతో గొడవ వేరే. వంపు తగ్గించడం కూడా మార్పే కాబట్టి, మీ ఇన్సూరెన్సు వాళ్లను అడిగాకే చేయించుకోండి.

ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలన్నాడు మేస్త్రి. ఆ పని కడపలో ఎవరైనా చేస్తారు. నేను మాత్రం చిత్తూరే పోతున్నా. ఐదంగుళాలు దించలేదని ఇంకా మూతి ముడుచుకునే ఉన్న బామ్మర్ది, సంగటి ఉందంటే వస్తానన్నాడు.